దగ్గు రాని మనిషి

సాగర్ ఆనకట్ట కడుతున్న రోజుల్లో మా నాన్నకు ఆయాసం పట్టుకుంది. గురజాల పక్కన మా భూములు అప్పటికే చాలావరకు చేతులు మారాయి. అయినా ఆయన పొద్దున్నే ఉతికిన పంచె కట్టి, చుట్ట వెలిగించి అరుగు మీద కూర్చునేవాడు. ఊరి తగవులు ఇంకా ఆయన ముందుకే వచ్చేవి.

అమ్మ దిష్టి తీసింది. ఎండుమిరపకాయలు, ఉప్పు ఆయన తల చుట్టూ తిప్పి కుంపట్లో వేసింది. ఆ ఘాటుకు దగ్గితే దిష్టి లేనట్టు, దగ్గకపోతే ఉన్నట్టు. మేమంతా దగ్గుతూ వాకిట్లోకి పరిగెత్తాం. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు, అంతే.

"సూశావా వదినా, ఎంత దిష్టో! ఊరి కళ్ళన్నీ అన్నయ్య మీదే," అంది పక్కింటావిడ.

"ఏం మిగిలిందని పడతయ్యే మా మీద?" అంది అమ్మ.

పక్కింటావిడ మాట నాన్నకు నచ్చింది. ఈర్ష్యపడేవాళ్ళు ఉన్నారంటే ఇంటికి ఇంకా విలువ ఉన్నట్టే.

ఆయాసం తగ్గక నరసరావుపేట తీసుకెళ్ళాను. దిష్టి సంగతి విని డాక్టరు నవ్వాడు.

"ఊపిరి గొట్టాల్లో సన్నటి నరాలుంటాయండీ. పొగ తగిలితే అవే దగ్గు పుట్టిస్తాయి. ఇన్నేళ్ళ చుట్టకు మీ నరాలు మొద్దుబారాయి. కఫం లోపలే ఉండిపోతోంది. చుట్ట మానితే దగ్గొస్తుంది. దగ్గితేనే బతుకుతారు."

"అంటే దిష్టి కాదంటావు," అన్నాడు నాన్న.

అయినా ఇంటికొచ్చాక చుట్ట మానేశాడు. కొన్ని వారాలకు దగ్గు వచ్చింది, మనిషిని రెండుగా మడిచేసే దగ్గు. కఫం పడింది, ఆయాసం తగ్గింది. అమ్మ ఆ చప్పుడు వింటూ నిశ్చింతగా వంట చేసుకునేది.

ఒకరోజు ఇద్దరు రైతులు గట్టు తగవు తెచ్చారు. తీర్పు చెప్పబోతుంటే నాన్నకు దగ్గు అందుకుంది. మాట పూర్తికాలేదు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయాడు.

"పోనీలే పెద్దయ్యా, సర్పంచి కాడికి పోతాంలే. నువ్వు పడుకో," అన్నాడు ఒకడు జాలిగా.

వాళ్ళు వెళ్ళగానే నాన్న చుట్ట వెలిగించాడు.

"ఏందండీ ఇది? డాక్టరు ఏం జెప్పాడు?" అమ్మ చుట్ట లాక్కోబోయింది.

"ఇన్నాలే. ఆ గట్టు తగవోడు నన్ను పడుకోమన్నాడు, అది ఇన్నావా?"

క్రమంగా దగ్గు పోయింది, ఆయాసం తిరిగొచ్చింది. ఆ వానాకాలంలో నాన్న పోయాడు. అమ్మ ఆయన్ని ఎన్నడూ క్షమించలేదు. నేను ఆయన్ని తప్పుపట్టలేదు.