ఇరవై ఒక్క బోర్డులు, ఒక మేకల మంద

దారిలో బోర్డు కనిపిస్తే ఆగి, చివరి అక్షరం దాకా చదివిగానీ జనం ముందుకు కదలని రోజులవి. ఇప్పుడంటే ఎవరి ఫోను వాళ్ళకుంది, చదవాల్సిందంతా అందులోనే ఉంది. తొంభైల చివర్లో మా కొత్తపేట వైపు అలా కాదు. గోడ మీద ఎరువుల ప్రకటన కనిపించినా సైకిలు దిగి, కాలు నేలకానించి, పెదాలు కదుపుతూ చదివేవారు. అలా చదివే జనాన్ని నమ్ముకుని, ఇరవై రెండేళ్ళ వయసులో, నేనొక తెలివైన పని చేశాను. (తెలివైన పని అని ఆ నెల్లాళ్ళూ నేనే అనుకున్నాను. ఇంకెవరూ అన్నట్టు గుర్తులేదు.)

అమలాపురంలో బీయస్సీ బోటనీ ముగించి ఖాళీగా ఉన్న రోజుల్లో, గోదావరి గట్టు దిగువన ప్రభుత్వంవారు కొత్తగా పెట్టిన ప్రజావనంలో నాకు ఏడాది ఒప్పందం మీద ఉద్యోగం దొరికింది. ప్రజావనం అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండెకరాల మెరక నేల, మధ్యలో ఇసుక పోసిన నడకదారి, నాలుగు సిమెంటు బల్లలు, మిగతాదంతా ఔషధ మొక్కలు. గేటు పక్కన 'ఈ వనం ప్రజల సొత్తు, అందరూ సద్వినియోగం చేసుకోవలెను' అని పచ్చరంగు బోర్డు. మొక్కలు బతికించడం, దారి ఊడ్పించడం, వచ్చినవాళ్ళకి వాటి గుణాలు చెప్పడం నా పని. ఏడాది చివర పెద్దాఫీసరుగారు వచ్చి చూసి బాగుందంటే ఒప్పందం పొడిగిస్తారు. బాగాలేదంటే నేను మస్కట్ వెళ్ళాలి. అక్కడ మా అన్నయ్య ఒక పెద్ద కిరాణా కొట్లో పనిచేసేవాడు, నాకూ వీసా మాట్లాడి ఉంచాడు. నాన్నగారు అప్పటికే నా చేత పాస్‌పోర్టు తీయించి బీరువాలో పట్టుచీరల కింద దాచారు. ఆ బీరువా తలుపు కిర్రుమన్నప్పుడల్లా నేను వీధిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. మస్కట్ చెడ్డదని కాదు. అన్నయ్య పంపిన ఫొటోలో వాడి వెనకాల ఎంత వెతికినా ఒక్క పచ్చటి ఆకు కనిపించలేదు. నాకు భయం వేసింది, అంతే.

అందుకని ఉద్యోగం నిలబెట్టుకోవాలన్న ఆత్రంతో మొక్కలకి బోర్డులు రాయడం మొదలుపెట్టాను. రేకు ముక్కలకి తెల్లరంగు వేసి, నల్ల అక్షరాలతో శాస్త్రీయనామం, దాని కింద తెలుగు పేరు. రాసిన వారం రోజులకి తేలిందేమిటంటే, మనవాళ్ళు శాస్త్రీయనామం దగ్గర ఆగకుండా కిందికి దిగిపోతున్నారు. జనానికి దగ్గరవ్వాలంటే వాళ్ళకి తెలిసిన దారిలోనే వెళ్ళాలి కదా అని ఆలోచించి, వినాయకచవితి పూజలో వాడే ఇరవై ఒక్క రకాల పత్రి మొక్కల్నీ నడకదారి వెంట ఒకే వరసలోకి తెచ్చి, పూజలో ఏ వరసలో చదువుతారో ఆ వరసలోనే నంబర్లు వేశాను. ఒకటి మాచీపత్రం, రెండు బృహతీపత్రం అంటే వాకుడు, మూడు బిల్వం అంటే మారేడు, ఇలా ఇరవై ఒకటి జిల్లేడు దాకా. దేవదారు ఒక్కటీ మా నేలలో బతకలేదు. బోర్డు బాగా కుదిరిందని పీకబుద్ధికాక అలాగే ఉంచేశాను.

ఇది చూసి అందరికన్నా ఎక్కువ మురిసిపోయింది సంచీ మామ్మగారు. ఆవిడ రిటైరయిన టీచరుగారి భార్య, రోజూ సాయంత్రం గుడ్డసంచీ భుజాన వేసుకుని మా దారిలో మూడు చుట్లు నడిచేవారు. ప్రతి బోర్డు దగ్గరా ఆగి కళ్ళజోడు సర్దుకునేవారు. "యాభయ్యేళ్ళ నుంచి పూజ చేస్తన్నాను బాబూ, ఏ పేరు ఏ ఆకుదో ఇప్పుడు తెలిసింది. కొట్లో కట్టగట్టి ఏదిస్తే అదే ఏసేదాన్ని. నీ కడుపు చల్లగుండ," అని ఆవిడ అంటుంటే నేను రెండంగుళాలు పెరిగేవాణ్ణి.

భాద్రపదం వస్తోందనగా రేంజరుగారు కబురు తెచ్చారు. మా మీద అధికారి ఆయనే. మనిషి మంచివాడు గానీ, నాకన్నా భయస్తుడు. "చవితి మర్నాడు పెద్దాఫీసరుగారు వస్తన్నారయ్యా. ఆయనకి మొక్క పచ్చగా ఉండాలి. ఆకు మీద దుమ్ము కూడా ఉండకూడదు. నీ సంగతీ నా సంగతీ ఆ రోజే తేలిపోద్ది," అన్నారు. ఆ వారం రోజులూ నేను అన్నం సరిగ్గా తినలేదు. తడిగుడ్డతో ఆకులు తుడిచాను. గన్నేరుకి పురుగు పట్టిందేమోనని రోజుకి నాలుగుసార్లు ఆకులు తిరగేసి చూశాను. వాన కురిస్తే మరువం కుళ్ళిపోతుందని, కురవకపోతే వావిలి వాడిపోతుందని, రెండు రకాలుగానూ భయపడ్డాను. తుఫాను, వరద, తెగులు, పశువులు, అన్నిటి గురించీ ఆలోచించాను. పండగ ఒక్కటీ ఆలోచనకి రాలేదు.

చవితినాడు తెల్లవారి ఆరింటికి వెళ్ళేసరికి గేటు బయట పాతిక సైకిళ్ళున్నాయి. పెద్దాఫీసరుగారు ఒకరోజు ముందే వచ్చేశారేమో అనుకుని చొక్కా గుండీలు పెట్టుకుంటూ లోపలికి పరిగెత్తాను. లోపల ఊరుంది. తలంటుకున్న తల్లులు, పంచెలు ఎగ్గట్టిన మావయ్యగార్లు, పళ్ళేలు పట్టుకున్న పిల్లలు ఒకటో నంబరు దగ్గర్నుంచి వరసగా నడుస్తూ, బోర్డు చదవడం, తుంచడం, సంచీలో వేసుకోవడం. తోసుకోవడం లేదు, అరుపుల్లేవు. "తమరు కానివ్వండి," "అయ్యో, ముందు మీరేనండి," అని ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ, అతి మర్యాదగా నా కొంప ముంచేస్తున్నారు.

"ఏవండీ, కొయ్యకూడదండీ!" అన్నాను. ఆ గొంతు నాకే వినపడలేదు. ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, "ఆయ్, ఎక్కువ కొయ్యంలెండి, పూజకి సరిపడానే. అయినా మన సొత్తేనటండి కదా, గేటుకాడ రాసేరు," అన్నారు. (నా చేతిరాతే.) ఇంకొకాయన, "మీరు చేసినంత మేలు ఎవరూ చెయ్యలేదండి బాబూ, బజారుకెళ్ళే పని లేకుండా చేసేరు," అని చెయ్యి పట్టుకుని ఊపేశారు. అలా పొగిడే మనిషిని బయటికి పొమ్మనడం మా వైపు ఎవరూ నేర్పలేదు. రెండు చేతులూ చాచి మారేడు మొక్కకి అడ్డంగా నిలబడ్డాను. వాళ్ళు నా చేతుల కింద నుంచి వినయంగా వంగి కోసుకున్నారు.

దానికి మించిన తప్పు ఇంకొకటి చేశాను, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఒకావిడ పదిహేనో నంబరు దగ్గర నిలబడి, వావిలి అనుకుని పక్కనున్న అడ్డసరం తుంచుతోంది. బోటనీ చదివిన ప్రాణం కదా, ఊరుకోలేకపోయింది. "అది కాదండీ, వావిలంటే ఇది, ఆకు చేతివేళ్ళలా అయిదుగా చీలి ఉంటుంది చూడండి," అని కొమ్మ వంచి చూపించాను. ఆవిడ కోసుకుంది. వెనకున్నవాళ్ళు, "బాబూ, మాక్కూడా చూపించవా?" అన్నారు. చూపించాను. తర్వాత అరగంటసేపు ఆ వరస వెంట నడుస్తూ ఏది ఏదో విడమరిచి చెప్పింది నేనే. దేవదారు బోర్డు దగ్గర మొక్క లేదని చెప్పినా వినకుండా దాని పక్కనున్న సరుగుడు మొక్కని గుండు చేసేశారు.

ఎనిమిదింటికి తోట ఖాళీ అయింది. ఇరవై పుల్లలు, ఇరవై ఒక్క బోర్డులు మిగిలాయి. ఇంటికెళితే పీటల మీద పూజకి అంతా సిద్ధంగా ఉంది. నాన్నగారు పత్రి పళ్ళెం నా ముందుకి జరిపి, "నీ తోటలోదేరా, చీకటితోనే వెళ్ళి తెచ్చేను. మొదట కోసింది నేనే," అన్నారు గర్వంగా. ఆయన మంత్రం చదువుతూ ఒక్కొక్క ఆకూ దేవుడి మీద వేస్తుంటే నా ఉద్యోగం ఒక్కొక్క ఆకుగా వెళ్ళిపోవడం కూర్చుని చూశాను. బీరువాకేసి చూడకుండా ఉండాలని శతవిధాల ప్రయత్నించాను.

మర్నాడు పొద్దున్న రిజిస్టరు తెరిచాను. నిజం రాయాలంటే ఊరంతటినీ రాయాలి, అందులో మొదటి పేరు నాన్నగారిది. కలం పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి 'మేకలు పడి మొక్కలు మేసినవి' అని రాసి సంతకం పెట్టేశాను. సంతకం మీద సిరా ఆరకముందే జీపు వచ్చింది.

పెద్దాఫీసరుగారు పొట్టిమనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. ఆ నెమ్మదే నన్ను చంపేసింది. రిజిస్టరు చదివి, చేతులు వెనక్కి కట్టుకుని వరస వెంట నడిచారు. రేంజరుగారు ఆకాశంకేసి చూస్తున్నారు.

"ఉమ్మెత్త కూడా తిన్నాయా?" అన్నారు ఆయన.

"తిన్నాయండి."

"గన్నేరు?"

"అదీనండి."

"ఈ రెండూ తిన్న మేకలు ఈపాటికి ఏ కాలవ గట్టునో చచ్చిపడి ఉండాలి. ఉన్నాయా?"

"లేవండి. వెళ్ళిపోయేయండి."

ఇంకో నాలుగడుగులు వేసి ఆగారు. "తిప్పతీగ అంటే మేకకి ప్రాణం. దాన్ని ముట్టుకోలేదు. ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా మాత్రం వరస తప్పకుండా తిన్నాయి. పూజాపుస్తకం చదివిన మేకలనుకుంటాను." నా చెవుల్లో విమానం చప్పుడు మొదలైంది. కిటికీ పక్క సీటు కూడా కనిపించింది.

సరిగ్గా అప్పుడే గేటులోంచి సంచీ మామ్మగారు వచ్చారు, చేతిలో స్టీలు డబ్బా. ఉద్వాసన చెప్పి నాకు ప్రసాదం తెస్తున్నారని చూడగానే అర్థమైంది. నోరు తెరిస్తే ఏమంటారో కూడా అర్థమైంది. ఆవిడ పలకరించేలోపే పెద్దాఫీసరుగారు, "అమ్మా, నిన్న ఈ తోటలో మేకలు పడ్డాయని ఇతను రాశాడు. మీరేమైనా చూశారా?" అని అడిగారు.

మామ్మగారు నాకేసి చూశారు. బోడి మారేడుకేసి చూశారు. మళ్ళీ నాకేసి చూశారు. కళ్ళజోడు సర్దుకుని, "ఆయ్. చూసేనండి," అన్నారు.

"ఎలాంటి మేకలు?"

"ముసలి మేకలేనండి ఎక్కువ. ఒకటో రెండో పిల్లలు కూడా ఉన్నాయండి."

"మరి తోలలేదా?"

"నేనెలా తోల్తానండి? అయ్యన్నీ మా ఈదివేనండి. పాపం ఈ అబ్బాయి మట్టుకు చేతులడ్డం పెట్టి చానా బతిమాలేడండి. మేకలు కదండీ, యినలేదు." అని డబ్బా మూత తీసి, "ప్రసాదం పుచ్చుకోండి బాబుగారూ," అన్నారు.

ఆయన ఉండ్రాయి తీసుకుని, కళ్ళకద్దుకుని, నములుతూ చాలాసేపు ఆవిడని చూశారు. పెదవి చివర ఏదో కదిలింది, నవ్వో కాదో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, నేను రాసినదాని కిందే రాశారు: 'పశువుల బెడద ఉన్నది. వెంటనే చుట్టూ ముళ్ళకంచె, గేటుకి తాళం మంజూరు. ఈ కుర్రవాణ్ణి కొనసాగించవలెను.' జీపు వెళ్ళిపోయాక నేను మామ్మగారి కాళ్ళకి దణ్ణం పెట్టాను. "ఊరుకో బాబూ, మేకనన్నంత మాత్రాన కొమ్ములొచ్చేత్తాయా ఏంటి," అన్నారావిడ.

కంచె రెండు నెలల్లో వచ్చింది, అయిదు వరసల ముళ్ళతీగ. ఆకు తుంచరాదని బోర్డు రాయమన్నారు, అదీ నేనే రాశాను. తాళంచెవి నాకిచ్చారు, తొమ్మిదింటికి ముందు తియ్యకూడదన్నారు. పొద్దున్నే నడిచేవాళ్ళు మానేశారు. మొక్కలు మాత్రం ఏ వ్యాపకం లేనట్టు ఏపుగా పెరిగాయి. మరుసటి చవితినాటికి మారేడు నా భుజం దాటింది, వావిలి పొదయింది. ఆ తెల్లవారి కాపలాకని వెళ్ళి గేటు లోపల నిలబడ్డాను. ఒకరిద్దరు వచ్చి, బోర్డు చివరిదాకా చదివి, మర్యాదగా వెనక్కి తిరిగారు. కాసేపటికి మామ్మగారు వచ్చారు, భుజాన సంచీ. తాళం చూసి ఆగిపోయారు.

"ఆర్డరండీ మామ్మగారూ," అన్నాను.

ఆవిడ తీగెల మధ్య నుంచి లోపలున్న పచ్చదనమంతా ఒకసారి చూసి, "బాగా పెరిగేయి బాబూ," అన్నారు. తర్వాత నవ్వి, "మేకలొచ్చేయని రాసుకో," అని బజారు వైపు వెళ్ళిపోయారు.

ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది. తాళంచెవి నా జేబులోనే ఉంది, చుట్టూ చూసేవాళ్ళెవరూ లేరు, గుప్పెడు ఆకులు కోసి తీగెల సందులోంచి అందించడానికి నిమిషం పట్టదు. చెయ్యి జేబులోకి వెళ్ళింది కూడా. పెద్దాఫీసరుగారికి తెలిస్తేనో అని అక్కడే ఆగిపోయింది. ఆవిడ గట్టు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాను.

ఆ కుర్రాణ్ణి ఇప్పుడు తిడదామని కూర్చుంటాను గానీ నోరు రాదు. పాపం, వాడికి మస్కట్ అంటే అంత భయం. నేనైతే ఆ తాళం తీసేసి ఉండేవాణ్ణి అనుకుని నవ్వుకుంటాను. ఉద్యోగం పోతుందన్న భయం లేని ఈ వయసులో అలా అనుకోవడం నాకు చాలా తేలిక.