అచ్చొచ్చిన డిస్కు

నా భార్య పెద్దకర్మ రోజున కడపలో మా వీధి మలుపులో ఒక ఫ్లెక్సీ వెలిసింది. ఆఫీసువాళ్ళు కట్టించారు. పైన ఆమె ఫోటో, కింద మా బృందంలో అందరి ఫోటోలు. మా మేనేజరు ఫోటో ఆమె ఫోటో కంటే పెద్దది. దారిన పోయేవాళ్ళు కొందరు పోయింది ఆయనే అనుకున్నారు. అందులో రెండు పావురాలు, ఒక తామర, ఒక సూర్యాస్తమయం కూడా ఉన్నాయి. పావురాలు ఆమెకు గిట్టవు, ఎండబెట్టిన వడియాల మీద వాలతాయని. కొన్నాళ్ళకు అది గాలికి చిరిగింది. మళ్ళీ కట్టమని నేను ఎవరినీ అడగలేదు.

తర్వాతి సోమవారం ఇంట్లోనే కంప్యూటరు ముందు పనిలో కూర్చున్నాను. ఇంట్లో నిశ్శబ్దం భరించలేకపోతున్నాడని కొందరన్నారు. నిశ్శబ్దం నాకు ఎప్పుడూ ఇబ్బంది కాలేదు. పనిలో ఉన్నాడంటే పరామర్శకు వచ్చేవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోతారని కూర్చున్నాను.

నా పని సులభంగానే చెప్పవచ్చు. కర్నూలులో ఉన్న మా చిన్న సంస్థ ఒక విదేశీ బీమా కంపెనీ మెయిన్‌ఫ్రేమ్‌ను చూసుకుంటుంది. మెయిన్‌ఫ్రేమ్ అంటే లక్షలమంది పాలసీల లెక్కలు ఒకేసారి చేసే పెద్ద కంప్యూటరు. అది సముద్రాల అవతల ఉంది. మాలో ఎవరూ దాన్ని చూడలేదు. వాళ్ళ రాత్రి మాకు పగలు. తెల్లారి వాళ్ళ ఆఫీసులు తెరిచేలోగా లెక్కలన్నీ తేలాలి. లెక్కలు చేసే ప్రోగ్రాములు సమాచారం కోసం మాటిమాటికీ డిస్కుల దగ్గరికి వెళ్ళి వస్తుంటాయి. వెళ్ళినవి తిరిగి రావడం ఆలస్యమైతే, ఎక్కడ ఆలస్యమైందో చూసి చెప్పడం నా ఉద్యోగం.

ఆలస్యాలన్నీ ఒకటి కావు. డిస్కే నెమ్మదిగా పని చేస్తే అది ఒక రకం. డిస్కు వేరేవాళ్ళ పనిలో ఉండి, మనం బయట వరుసలో నిలబడితే అది ఇంకో రకం. తెర మీద ఈ రెండూ వేరువేరు గడుల్లో కనిపిస్తాయి. మా మేనేజరు ఆ గడులు చూడడు. రంగు చూస్తాడు. ఆలస్యం ఒక హద్దు దాటితే గడి ఎర్రగా మారుతుంది. ఎరుపు కనిపించిన ప్రతిసారీ ఆయన హద్దును కొంచెం పెంచమనేవాడు. పెంచేవాళ్ళం. కొన్ని నెలల్లో తెర బాగా కురిసిన ఏడాది కేసీ కాలువ కింది మడిలా పచ్చబడింది. అక్కడ బీమా కంపెనీవాళ్ళు మాత్రం ఆఫీసులు తెరిచి, లెక్కలు రాక, కాఫీ తాగుతూ కూర్చునేవారు.

ఇక సగటు ఒకటి. డిస్కులన్నిటి ఆలస్యాన్నీ కలిపి సగటు తీస్తే చాలా తక్కువ వచ్చేది, ఎందుకంటే సగానికి పైగా డిస్కులు ఏ పనీ లేకుండా ఊరికే తిరిగేవి. రేషన్ షాపు ముందు వరుసలో నిలబడినవాళ్ళతో ఇళ్ళల్లో పడుకున్నవాళ్ళను కూడా కలిపితే ఆ ఊళ్ళో ఎవరూ పెద్దగా ఎదురుచూడనట్టే లెక్క.

సగానికి పైగా ఎందుకు ఖాళీగా ఉన్నాయంటే, ఒప్పందం కొత్తలో ఒక ముఖ్యమైన పని ఒక డిస్కు మీద నడుస్తూ మధ్యలో ఆగిపోయింది. ఫైళ్ళను ఇంకో డిస్కుకు మార్చారు. సాఫీగా నడిచింది. నిజానికి తప్పు ప్రోగ్రాములో ఉంది, దాన్ని అదే రోజు సరిదిద్దారు. కానీ పేరు డిస్కుకు వచ్చింది. రెండో డిస్కు అచ్చొచ్చిందన్నారు, మొదటిది అచ్చిరాదన్నారు. అప్పటినుంచి ఎవరు ఏ పని మొదలుపెట్టినా ఫైళ్ళు ఆ అచ్చొచ్చిన డిస్కు మీదే. ఆయుధపూజకు దాని పేరు కాగితం మీద ముద్రించి బొట్టు పెట్టేవారు. దాని ముందు వరుస ఎంత పెరుగుతోందో నేను ప్రతి వారం రాసి పంపేవాణ్ణి. బాగా రాశారని జవాబు వచ్చేది.

మా బృందంలో కర్నూలు ఆవిడ ఒకరున్నారు. ముస్లిం కుటుంబం, ఇద్దరు పిల్లలు, భర్తకు పాత బజారులో దుప్పట్ల దుకాణం. నన్ను అన్నా అంటుంది. రోజూ అన్నిటికంటే చివర నడిచేది ఆమె ప్రోగ్రాము. ముందు వెళ్ళినవాళ్ళందరూ ఆ డిస్కు దగ్గర ఇంకా నిలబడే ఉంటారు కాబట్టి, అందరి ఆలస్యమూ చివరికి ఆమె పేరు మీద పడేది. తెర మీద ఎరుపు లేకుండా చేశాక అది ఎక్కడో ఒకచోట చేరాలి కదా. నెలవారీ నివేదికలో ఆమె పేరు పక్కన చేరింది.

ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది.

"అన్నా, నెలాఖరుకు నా కాంట్రాక్టు అయిపోతాది. మళ్ళా ఇచ్చేది అనుమానమే అంటాండారు. నా ప్రోగ్రాం శానా స్లో అంట."

"నీది స్లో కాదమ్మా. వరుసలో నిలబడి ఉంది."

"ఆ మాట నాకు చెప్తే ఏం లాభమన్నా? ఈ పని కర్నూల్లో ఇంకోచోట లేదు. బెంగుళూరు పోవల్ల. దుకాణం లేపుకొని మా ఆయన రాలేడు. పిల్లోళ్ళను ఈడ ఇడ్సల్నా, తీస్కపోవల్నా?"

మర్నాటి సమావేశంలో ఆమె ఫైళ్ళు ఖాళీ డిస్కుకు మార్చి చూద్దామని అడుగుతానన్నాను. ఆమె సరేనంది.

ఇక్కడ నా భార్య మాట ఒకటి చెప్పాలి. ఆమెది బద్వేలు పక్కన పల్లె. కంప్యూటరు గురించి ఆమెకేమీ తెలియదు గానీ, నేను పని చేస్తుంటే పక్కన కూర్చుని చిక్కుళ్ళు వలిచేది. అచ్చొచ్చిన డిస్కు సంగతి చెప్పినప్పుడు ఆమె తలెత్తకుండానే అంది: "మా నాయన బోరు కథే. ఆయప్ప బోరులో నీళ్ళు పడ్నాయని ఊరంతా ఆ చేని గెనెం పొడుగునా బోర్లేసిరి. అవతల పక్క చేన్లు ఒకరూ చూళ్ళే. రెండేండ్లకు అన్నీ ఒకేసారి గాలి కక్కినాయి."

వీడియో సమావేశంలో నేను కర్నూలు ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు రెండు గడుల అంకెలూ చూపించాను. వరుస ఎక్కడుందో, పని ఎక్కడుందో చెప్పాను. మేనేజరు ఓపిగ్గా విన్నాడు.

"అంతా బాగుండాది సార్. కానీ ఆ ఖాళీ డిస్కు మనకు అచ్చిరాదు."

ఆయనది మైదుకూరు వైపు రైతు కుటుంబం. అందుకని నా భార్య చెప్పిన బోర్ల కథ చెప్పాను. ఆయన నవ్వాడు.

"మా ఊర్లో గూడా అట్లే అయింది సార్. మా చిన్నాయన మూడు బోర్లేసి మునిగిపాయ. కానీ అది నీళ్ళు, ఇది డిస్కు."

తర్వాత కర్నూలు ఆవిడ వైపు తిరిగాడు. "ఏమ్మా, ఆడికి మార్చినాక ఆగిపోతే ఎవరిది పూచీ?"

"నాదే సార్. మెయిల్ రాసిస్తా."

"రేపే అంటావేమో. రేపు అమావాస్య."

నెలాఖరుకు ఎక్కువ వ్యవధి లేదు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"సార్, మన పగలు మిషన్ ఉండే ఊర్లో ముందురోజు రాత్రి గదా. మనకు రేపంటే ఆడ ఇంకా ఈ దినమే. ఆడ అమావాస్య యాడొచ్చె?"

మేనేజరు ఫోన్ తీసి పంచాంగం చూశాడు. వేళ్ళు మడిచాడు. పక్కనున్న ఆయన "అవును సార్, ఆడ చతుర్దశే" అన్నాడు.

"అట్లయితే కానీండప్పా," అన్నాడు మేనేజరు. నేను వారంవారం పంపిన అంకెలు చేయలేని పని చతుర్దశి చేసింది.

ఆమె ఫైళ్ళు మార్చారు. మర్నాడు నేను కడపలో తెర ముందు కూర్చున్నాను. అందరి ప్రోగ్రాములూ అచ్చొచ్చిన డిస్కు ముందు యథాప్రకారం నిలబడ్డాయి. ఆమెది ఖాళీ డిస్కు దగ్గరికి వెళ్ళింది, సమాచారం తీసుకుంది, వచ్చేసింది. వరుస గడిలో దాదాపు సున్నా. మా టీ వేళ కాకముందే లెక్కలు తేలిపోయాయి. అవతలివాళ్ళు నమ్మలేక, ఏదైనా సగంలో ఆగిందా అని అడుగుతూ మెయిల్ పంపారు.

మేనేజరు సమావేశం పెట్టి అందరినీ అభినందించాడు. డిస్కుల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ సాయంత్రానికే బృందంలో సగంమంది తమ ఫైళ్ళు కూడా ఆ ఖాళీ డిస్కు మీదికే మార్చమని రాశారు. ఇంకా చాలా ఖాళీ డిస్కులున్నాయని నేను జవాబిచ్చాను. అవి అచ్చొస్తాయో లేదో తెలియదు కదా అన్నారు.

నెలాఖరున ఆమె మళ్ళీ ఫోన్ చేసింది. వెనక ఆటోల శబ్దం. ఆఫీసు మెట్ల మీద నిలబడి ఉందట.

"అన్నా, కాంట్రాక్టు ఇచ్చినారు. ఏడాదికి."

"మంచిదమ్మా. పిల్లల సంగతి తేలింది."

"కింద కారణం గూడా రాసినారు. వినన్నా: ఉద్యోగిని పనివేగం గణనీయంగా మెరుగుపడినందున, అంట. నేనొక్క లైను మార్చలే అన్నా. పోయి చెప్పల్నా?"

"ముందు సంతకం చేయమ్మా. తర్వాత చెప్దువు."

"సంతకం చేసినాక ఎవురు చెప్తారన్నా!" అంది. నవ్వుతూ మెట్లు ఎక్కి లోపలికి వెళ్తున్న అలికిడి. ఫోన్ పెట్టడం మరిచిపోయినట్టుంది. కుర్చీ జరిగిన చప్పుడు, "ఈడ చెయ్యమ్మా, ఈడ" అన్న మేనేజరు గొంతు, కాగితం తిప్పిన చప్పుడు నాకు వినిపించాయి.