రెండో విమానంలోని బన్ను

బాపు గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడల్లా విమానంలో ఇచ్చిన చక్కెర పొట్లాలు నాకోసం తెచ్చేవాడు. బొటనవేలంత కాగితపు పొట్లాలు. వాటితోపాటు ఉప్పు, మిరియాల పొడి, చేతులు తుడుచుకునే తడి కాగితం కూడా ఉండేవి. మా ఊరు ఎడపల్లి చుట్టూ అప్పట్లో ఎటు చూసినా చెరుకే. అందుకే మా పక్కింటి పెద్దమ్మ వాటిని చూసి, "చెరుకుల పుట్టిన పిల్లకు విమానం సక్కెర తెచ్చిండమ్మా మీ బాపు" అని నవ్వేది. నేను ఒక్క పొట్లం కూడా చింపేదాన్ని కాదు. చీమలు కనిపెట్టేదాకా అవి ట్రంకు పెట్టెలో భద్రంగా ఉండేవి.

"ముందట కూసునేటోళ్లకు గిట్ల కాగితంల ఇయ్యరు. పింగాణి గిన్నెలల్ల ఇస్తరు. కాళ్లు సాపుకొని మంచంల పండుకున్నట్టు పంటరు" అని బాపు చెప్పేవాడు. వెనక తన సీటుకు పోయేటప్పుడు ఆ ముందు భాగంలోంచే నడిచిపోవాలట. ఆ కాస్త నడకలోనే ఆయన అదంతా చూసేవాడు. నాకు ముందు సీట్ల సంగతి అంతవరకే తెలుసు.

బాపు మొదట బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ కూలీ. ఆ పని తగ్గిపోయాక, నేను ఒకటో తరగతిలో ఉండగా, మస్కట్ పోయాడు. పెద్ద భవనాలు కట్టేచోట ఇనుప కడ్డీలు కట్టే పని. రెండేళ్లకోసారి వచ్చేవాడు. మిగతాదంతా శుక్రవారం ఫోనే. అందులో నా వంతు మాటలు ఏనాడూ మారలేదు.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న బాపు."

"సదువు మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"అవ్వకియ్యి ఫోను."

మాకు బాపు అంటే నాన్న, అవ్వ అంటే అమ్మ. తర్వాత వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకునేవాళ్లు. ఆ మాటల్లో కూడా చెడ్డ కబురు ఒక్కటీ ఉండేది కాదు. గల్ఫ్‌లో ఉన్న మనిషికి కష్టం చెప్పకూడదని మా వైపు ఇళ్లలో ఒక కట్టడి. అక్కడ ఒంటరిగా ఉంటాడు, విని చేయగలిగింది ఉండదు, నిద్ర మాత్రం పోతుంది అని. బోరు ఎండినా, బర్రె చచ్చిపోయినా అవ్వ "అంతా మంచిగనే ఉన్నది" అనేది. అటు నుంచి ఆయనా అదే మాట అనేవాడు.

పోయిన చలికాలం ఆ కట్టడి తెగింది. బాపుతో ఒకే గదిలో ఉండే జక్రాన్‌పల్లి మనిషి ఒకాయన ఫోన్ చేసి, బాపు పరంజా మీది నుంచి పడ్డాడని, తొడ ఎముకకు ఆపరేషన్ కూడా అయిపోయిందని చెప్పాడు. కాలు చాపి పడుకునే ప్రయాణం చేయాలని డాక్టరు రాసిచ్చినందువల్ల కంపెనీవాళ్లు విమానం ముందు భాగంలో రెండు టికెట్లు తీశారు. ఒకటి ఆయనకు, ఒకటి తోడు వచ్చేవాళ్లకు.

అవ్వకు పాస్‌పోర్టు లేదు. నాకుంది. డిగ్రీ అయ్యాక బాపు ఫోన్లో పట్టుబట్టి తీయించాడు, దేనికో ఆయనకూ తెలియదు. నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తూ హాస్టల్లో ఉంటాను, శుక్రవారం ఫోన్ వేళకు ఇంటికి పోతాను. ఆఫీసులో అడిగినదానికి జవాబు చెబుతాను, సాయంత్రం గ్రంథాలయంలో కూర్చుంటాను, గదికి వచ్చి డైరీ రాసుకుంటాను. నోరు తెరవాల్సిన చోటికి నన్ను పంపడం అవ్వకు కూడా భయమే.

"నువ్వు మాట్లాడకున్నా మంచిదే. ఆయన పక్కపొంటి కూసుండు" అంది, బస్టాండులో నా సంచి అందిస్తూ.

నాకు కావలసింది కూడా అదే. ఒక పూట బాపు పక్కన కూర్చోవడం. ఫోన్ అవ్వకివ్వు అనడానికి అవ్వ అక్కడ ఉండదు. ఏదో ఒకటి నాతోనే మాట్లాడాలి కదా అనుకున్నాను.

మస్కట్ దాకా ఒక్కదాన్నే పోయాను. వచ్చేటప్పుడు ఇద్దరం రెండు విమానాలు ఎక్కాలి. మొదటిది మస్కట్ నుంచి ఒక గంట. మధ్యలో ఇంకో ఊళ్లో దిగి, అదే సంస్థ విమానం ఇంకొకటి ఎక్కితే హైదరాబాద్.

మొదటి విమానం కొత్తది. సీటు అనడానికి వీల్లేదు, తలుపున్న చిన్న గది. బాపుది కిటికీ పక్కన, నాది దాని వెనక. మధ్యలో నా తలకంటే ఎత్తు గోడ. ఒకమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని నా పేరు పెట్టి పలకరించి, ఆవిరి వస్తున్న తువ్వాలు పటకారుతో అందించింది. పింగాణీ గిన్నెలో వేయించిన బాదం, ఇంకా వెచ్చగా ఉంది. కాళ్లకు మెత్తటి చెప్పులు, ఒంటికి బొంత, దాని కింద పరుచుకోవడానికి ఇంకొక పరుపు. బాపు చెప్పిన గిన్నెలు నిజమేనని ఆయనతో అందామంటే గోడ.

లేచి తొంగిచూశాను. కాలు చాపి, బొంత గొంతుదాకా కప్పుకుని, పైకప్పుకేసి చూస్తున్నాడు. ఆ అమ్మాయి వెంటనే వచ్చి, "మీరు హాయిగా కూర్చోండి మేడమ్, ఆయన్ని నేను చూసుకుంటాను" అంది. ఎంతో ప్రేమగానే అంది. తిరిగి వచ్చి కూర్చున్నాను. గోడ అవతలి నుంచి బాపు గొంతు వినిపిస్తూనే ఉంది. "నో ప్రాబ్లం. నో ప్రాబ్లం మేడమ్." నీళ్లు ఇచ్చినా అదే, దిండు సర్దినా అదే.

తినడానికి ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయి, "మీది శాకాహారం కదా" అని తనే అంది. టికెట్టు తీసినప్పుడు నేను రాయించింది ఆమె దాకా చేరింది. పనీర్, వేడి అన్నం, కొంచెం పళ్లు. అంత మంచి భోజనం నేను అంత త్వరగా ఎప్పుడూ తినలేదు. గది తలుపు వేసుకుని తింటే ఎవరికీ కనిపించం. హాస్టల్లో నా మంచం మీద కూర్చుని తిన్నట్టే ఉంది.

దిగాక చక్రాల కుర్చీ బాపును ఒక దారిన తీసుకుపోయింది. నన్ను వేరే దారిన పంపారు. మళ్లీ రెండో విమానం తలుపు దగ్గరే కలిశాం.

అది పాతది. గంట ప్రయాణానికి గదులిచ్చినవాళ్లు, నాలుగు గంటల ప్రయాణానికి రెండేసి సీట్లు పక్కపక్కన వేసి ఊరుకున్నారు. మధ్యలో లేపుకునే అడ్డం ఒకటి ఉందిగానీ అది సగంలో ఇరుక్కుని కదల్లేదు. తువ్వాలు చల్లారిపోయి ఉంది. బాదం బదులు ప్లాస్టిక్ పొట్లంలో వేరుశనగలు. బొంత లేదు, పలుచటి దుప్పటి. అవన్నీ నాకు పట్టలేదు. బాపు భుజం నా భుజానికి ఆ అడ్డం మీదుగా తగులుతూ ఉంది.

విమానం గాల్లోకి లేచాక ఆయన సీటు పరుచుకోవాలని చూస్తే, కాళ్ల కింద పలక సగం దాకా లేచి ఆగిపోయింది. కాలు వేలాడుతోంది. బాపు పెదవి బిగించాడు.

"నొస్తున్నదా బాపు?"

"ఏం లే. నో ప్రాబ్లం."

నాతో కూడా అదే మాట. నేను బెల్లు నొక్కాను. తల మీద దీపం వెలగగానే మళ్లీ నొక్కి ఆర్పేశాను. మళ్లీ నొక్కాను. మళ్లీ ఆర్పాను.

"ఏందే, గంట కొట్టి ఉరికే పోరగాళ్ల లెక్క" అన్నాడు బాపు. నొప్పిలో కూడా ఆయన మీసం కింద నవ్వు కనిపించింది. "వొత్తినంక ఉండనియ్యి. రానియ్యి ఆమెను."

ఈసారి ఉండనిచ్చాను. వచ్చిన అమ్మాయి మీట నాలుగైదుసార్లు నొక్కి, మడమతో పలకను ఒక తన్ను తన్ని, "సారీ, ఇది ఇంతే" అంది. ఇంకో దిండు అడిగాను. మనిషికి ఒకటే అంది. ఆమె వెళ్లిన కాసేపటికి వయసులో పెద్దావిడ ఒకామె, మేం ఏమీ అడగకుండానే, ఎక్కణ్ణుంచో మూడు దిండ్లు తెచ్చి ఇచ్చిపోయింది. అవి చాలలేదు. నా సంచిని పలక ముందు నిలబెట్టి, దాని మీద దిండ్లు వేసి, బాపు మడమను రెండు చేతులతో ఎత్తి పెట్టాను.

"గట్టిగున్నది. ఏమున్నయే దీంట్ల, ఇటికెలా?"

"పుస్తకాలు బాపు."

"గిన్నా? అన్ని సదువుతవా?"

"చదువుత."

"కాలేజి పుస్తకాలా?"

"కాదు. కథల పుస్తకాలు."

"కథలా" అన్నాడు. ఇంకేమైనా అడుగుతాడని చూశాను. కళ్లు మూసుకున్నాడు. నా వంతు అక్కడితో అయిపోయింది, ఫోన్ ఇచ్చేయడమే తరువాయి అనిపించింది.

భోజనాల బండి వచ్చింది. ఈసారి నా పేరు ఎవరికీ తెలియదు. కాగితం మీద శాకాహారం రాసి లేదట, ఉన్నది చికెన్ ఒక్కటే అంది పలకను తన్నిన అమ్మాయి. నేను తల ఊపబోయేలోపు బాపు కళ్లు తెరిచి, గల్ఫ్ హిందీలో సంతోషంగా చెప్పాడు. చికెనే ఇవ్వమని, తన బిడ్డకు చికెనంటే ప్రాణమని, కాలు ముక్క ఉంటే చూసి వేయమని.

నిజమే. ఆయన పోయేనాటికి నాకు కాలు ముక్కే కావాలి. దానికోసం ఏడ్చేదాన్నని అవ్వ ఇప్పటికీ చెబుతుంది. సెలవుకొచ్చినప్పుడు ఆయన చుట్టాలతో ముందు గదిలో తినేవాడు, నేను వంటింట్లో తినేదాన్ని.

పళ్లెం నా ముందుకు వచ్చింది. బాపు నా వైపే చూస్తున్నాడు, నేను మొదటి ముద్ద పెట్టుకుంటే చూద్దామని. పెట్టుకుంటే ఆయన సంతోషపడతాడు. ఊరికి చేరాక చెబుతాడు కూడా, నా బిడ్డకు అడిగి పెట్టించిన అని. అందులో ఉన్నది మాత్రం నేను కాదు, ఒకటో తరగతి పిల్ల. చెంచా పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"తిను బిడ్డా. సల్లారుతది."

"బాపు, నేను కోడికూర తింటలేను."

"ఎందుకు, ఇయ్యాల ఏమన్న ఒక్కపొద్దా?"

"కాదు. ఎప్పుడూ తింటలేను."

"ఎప్పటిసంది?"

"ఏడో తరగతిల పచ్చకామెర్లు అయినయ్. పసరు మందు పోసి, నీసు ముట్టద్దన్నరు. తగ్గినంక మళ్ల తినబుద్ధి కాలే."

ఆయన చెంచా పళ్లెంలో పెట్టేశాడు. "కామెర్లా? నీకా?"

"బాగనే అయినయ్. నెల దినాలు బడికి పోలే."

"మీ అవ్వ సెప్పలే."

"నీకు సెప్పద్దన్నది."

బాపు కిటికీ వైపు తిరిగాడు. బయట ఏమీ లేదు, తెల్లటి మబ్బు తప్ప. చెప్పి తప్పు చేశానా అనుకున్నాను. ఆయన ఇటు తిరిగి, నా పళ్లెంలోని చికెన్ గిన్నె తన పళ్లెంలో పెట్టుకున్నాడు. తన బన్ను, వెన్న ముక్క, తీపి గిన్నె నా పళ్లెంలోకి మార్చాడు. బన్ను మొదటి విమానంలోని తిండిలా వెచ్చగా లేదు. చల్లగా, గట్టిగా ఉంది. ఆయనే దాన్ని విడదీసి, వెన్న రాసి ఇచ్చాడు. కడ్డీలు కట్టే తీగ కోసుకుని మచ్చలు పడ్డ వేళ్లు.

"ఇంకేం తినవ్?"

"కాకరకాయ."

"గది నేను గూడ తిన. ఇంక?"

"పెరుగు తక్కువ."

"ఏం రంగు ఇష్టం నీకు? నేను మొత్తం గులాబి బట్టలే తెస్తి."

నాకు నవ్వొచ్చింది. "నీలం, బాపు."

"మరి ఫోన్ల సెప్పద్దా?"

"నువ్వు అడగలే."

"అవ్" అన్నాడు. తర్వాత తనే చెప్పాడు. "నేను గూడ సెప్పలే. పడ్డంక మూడు శుక్రారాలు దవఖాన మంచం మీదికెల్లే ఫోన్ జేసిన. మెస్సుల చేపల పులుసు పెట్టిండ్రని సెప్పిన యాదికున్నదా? గప్పుడు నాకు గ్లూకోజు ఎక్కుతుండె."

నాకు గుర్తుంది. అవ్వతో అంటుంటే పక్కనుంచి విన్నాను. ఆ వారం ఆయన గొంతు చాలా హుషారుగా ఉంది. ఆ రాత్రి డైరీలో బాపు నవ్వాడని రాసుకున్నాను.

ఇంకొన్ని అడిగాడు. హాస్టల్లో ఎవరైనా తోడున్నారా అంటే లేరన్నాను. ఎందుకు లేరు అనలేదు. మస్కట్ గదిలో పదిమంది మధ్య తనకూ అంతేనన్నాడు. తర్వాత మందు ప్రభావంతో మాట మధ్యలోనే నిద్రపోయాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. దుప్పటి పలుచగా ఉందని నాది కూడా ఆయనకే కప్పాను. హైదరాబాద్ దాకా ఇక లేవలేదు. అడుగుదామని దాచుకున్నవన్నీ నాలోనే ఉండిపోయాయి. చలికి మోకాళ్లు పైకి ముడుచుకుని, ఆయన ఊపిరి వింటూ మిగిలిన సగం బన్ను కొరుక్కుతిన్నాను.

ఎడపల్లి చేరాక ఇల్లు జనంతో నిండిపోయింది. మా చర్చివాళ్లు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. చుట్టాలు, బాపు పాత ఫ్యాక్టరీ మనుషులు వస్తూనే ఉన్నారు. ముందు గదిలో మంచం, దాని మీద బాపు. నేను వంటింట్లో టీలు పోస్తున్నాను. రెండు రోజులుగా ఆయన నాతో అన్నది "నీళ్లియ్యి బిడ్డా" ఒక్కటే. ఎల్లుండి నేను నిజామాబాద్ పోవాలి.

గోడ ఇవతలికి ఆయన మాటలు వినిపిస్తున్నాయి. వచ్చినవాళ్లందరికీ మొదటి విమానం గురించే చెబుతున్నాడు. పటకారుతో ఇచ్చిన తువ్వాలు, పింగాణీ గిన్నె, పరుపు మీద పరుపు. "గా తువ్వాలతోని మొఖం తుడుసుకొని, బల్ల గూడ తుడిసిన. గా పిల్ల నవ్వుడే నవ్వుడు." అందరూ నవ్వారు. నాకు తెలియని సంగతి అది. గోడ వెనక కూర్చుని బాదం తింటున్నప్పుడు జరిగింది.

"రెండోది గూడ గట్లనేనా?" పక్కింటి పెద్దమ్మ అడిగింది.

"ఏ, రెండోది గంత మంచిగ లేకుండె వదినె. సీటు ఖరాబు. దుప్పటి పలుసన."

కెటిల్ కింద మంట తగ్గించాను.

"మరి తిననీకన్న మంచిగ పెట్టిండ్రా?"

బాపు వంటింటి వైపు గొంతు పెంచాడు.

"బిడ్డా, రెండోదాంట్ల మనకేం పెట్టిండ్రే?"

"బన్ను, బాపు."

"ఆ. బన్ను" అన్నాడు పెద్దమ్మతో. "మంచిగుండె."