మా ఆవిడ బొమ్మలో హాలిడే

ఆ రోజుల్లో నేను మంచి వయసులో ఉన్నాను. అంటే, రిటైరైన కొత్త. చదువుకోవలసిన వయసులో చదువు మానేసి ఓడలెక్కినవాణ్ణి కాబట్టి నా విద్యార్థి జీవితం అప్పుడే మొదలైంది. బొమ్మల క్లాసులో చేరిన రోజునే, విశాఖపట్నం రేవుకొచ్చి నా చేత రంగు పూయించుకోకుండా వెళ్లిన ఓడ లేదని అందరికీ చెప్పాను. (మీ దగ్గర దాపరికమెందుకు? మరమ్మతుకొచ్చిన వాటిలో కొన్నింటికి వేశాం. ఆ వేసింది కూడా మా మనుషులు. నేను మేస్త్రీని. చేతిలో టార్చి, జేబులో సుద్దముక్క పెట్టుకుని వాళ్ల వెనకాల తిరిగేవాణ్ణి.)

ఆ సుద్దముక్క సంగతి చెప్పాలి. ఓడకి రంగు వేసేటప్పుడు ఎక్కడో ఒకచోట బ్రష్షు అందక చిన్న జాగా మిగిలిపోతుంది. మా పనిలో దాన్ని హాలిడే అంటారు. రంగు అక్కడ సెలవు పెట్టిందన్నమాట. అందులోంచే ఉప్పునీళ్లు దూరి తుప్పు మొదలవుతుంది. కనిపించిన ప్రతి హాలిడే చుట్టూ సుద్దతో సున్నా చుట్టి మళ్లీ వేయించడమే నా ఉద్యోగం. పెళ్లయిన కొత్తలో నేను ఇంటికొచ్చి "ఎక్కడ సూసినా హాలిడేలే" అని విసుక్కుంటే, మా ఆవిడ "మరయితే సినిమాకెల్దాం, పదండి" అని చీర మార్చుకునేది.

రిటైరయ్యాక ఓడలు పోయాయి, సుద్దముక్క మిగిలింది. ఇంటి గోడల మీద, గేటు మీద, చివరికి పక్కింటివాళ్ల బీరువా మీద కూడా సున్నాలు చుట్టడం మొదలుపెట్టాను. "ఇంక నా నుదుటి మీద కూడా సుట్టీయండి, బొట్టెట్టుకునే పని తప్పుతాది" అని ఆ సాయంత్రమే మా ఆవిడ నన్ను బీచిరోడ్డు వెనక వీధిలోని ఓ మేడ మీదికి తోలుకెళ్లింది. గుమ్మం పక్కన బోర్డు ఉంది. ఏ వయసువారైనా, ఏ రోజైనా చేరవచ్చు, వీలున్నప్పుడు రావచ్చు అని. సైరన్ కూతకి లేచి సైరన్ కూతకి అన్నం తిన్నవాడికి ఆ చివరి మాట మింగుడుపడలేదు. "మేడమ్, నాకు ఏ షిఫ్టు వేశారు?" అనడిగాను. టీచరమ్మ గోదావరి వైపు పిల్ల, మా అమ్మాయి వయసుంటుంది. "షిఫ్టులేం లేవండి బాబూ. రావాలనిపిస్తే రండి, చాలనిపిస్తే వెళ్లిపోండి" అంది. "మరి లేటయితే?" అన్నాను. "దేనికండీ లేటు?" అంది. మర్నాడు పొద్దున్నే ఆరింటికి వెళ్లి, తాళం వేసిన తలుపు ముందు కూచున్నాను.

నీళ్ల రంగుల్లో తెల్లరంగు వాడరట. కాగితమే తెలుపట. వెలుగు కావలసిన చోట కాగితాన్ని వదిలెయ్యాలట. వదిలెయ్యడం! నా చేతకాని పనేదో కనిపెట్టి మరీ చెప్పినట్టుంది. సముద్రం వెయ్యమంటే మొదటి కోటు, రెండో కోటు, ఫినిషింగు కోటు వేశాను. నురగక్కూడా నీలం పూసేసరికి కాగితం తడిసి మధ్యలో చిరిగింది. టీచరమ్మ దాన్ని రెండు వేళ్లతో ఎత్తిపట్టుకుని "సార్, అలకి తుప్పు పట్టదండీ" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. (కాస్త ఆలస్యంగా.)

ఇలా ఉండగా, తలా ఒక బొమ్మ గోడకి పెట్టి చుట్టాల్ని పిలుద్దామంది టీచరమ్మ. నేను ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. మల్కాపురంలో ఉండే మా బావకి, అంటే మా ఆవిడ అన్నకి, ఫోన్ చేశాను.

"బావా, నా బొమ్మ పెద్ద గోడ మీద పెడతన్నారు."

"ఓడ బొమ్మేటి?"

"ఓడేటి బావా! మనిసి బొమ్మ. మీ సెల్లిదే" అనేశాను. అప్పటికి నేను చెంబు బొమ్మ కూడా సరిగ్గా వెయ్యలేదు.

వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో సహా బయటికొచ్చింది. "నా బొమ్మే?" అంది. ఆ ముఖం చూశాక ఉత్తినే అన్నానని చెప్పడం ఎవరి తరం? నీలం చీర కట్టుకుని, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూచుంది. ఒకే ఒక్క షరతు పెట్టింది. "జుట్టు మాత్రం నల్లగా ఎయ్యండి. మీ అలవాటు సొప్పున దట్టంగా." ఎందుకంటే, ఆవిడ ప్రతి ఆదివారం గది తలుపేసుకుని తలకి రంగు వేసుకుంటుంది. ఆ సంగతి నాకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. నాకు తెలుసని ఆవిడకీ తెలియదు. అది పుట్టింటి జుట్టని మా బావ, అతని భార్య కూడా గొప్పగా చెప్పుకుంటారు.

ఇంట్లో మొదలుపెట్టింది క్లాసుకి పట్టుకెళ్లేసరికి బొమ్మ కుదిరింది. నా గొప్పే అనుకోండి. (గీతలు టీచరమ్మవి. ముక్కు కూడా.) ముఖం, చీర, కిటికీ అన్నీ అయ్యాయి. నలుపు ఎప్పుడూ ఆఖరి కోటు కాబట్టి జుట్టు చివరికి ఉంచి, టీకని కిందికి దిగాను. అక్కడ ఎవరో ఓడల సంగతి అడిగారు. అడిగాక నేను ఆగుతానా? తిరిగి వచ్చేసరికి బొమ్మకి అద్దం బిగించి, పెద్ద గోడకి తగిలించేసి ఉంది. "ఎంత ధైర్యమండీ!" అంది టీచరమ్మ, కళ్లు మెరుస్తుండగా. "జుట్టంతా కాగితమే వదిలేశారు. మీరు వదిలిన మొదటి తెలుపండీ ఇది!" అందరూ చప్పట్లు కొట్టారు. అది టీ వల్ల జరిగిందని అప్పుడు చెప్పవలసింది. "కావాలనే వదిలానమ్మా" అన్నాను, గంభీరంగా.

చుట్టాలు వచ్చేది మర్నాడు సాయంత్రం. ఆలోగా పొద్దున్నే వెళ్లి అద్దం విప్పి నల్లరంగు పూసేద్దామని, చొక్కా జేబులో బ్రష్షూ నల్లరంగు ట్యూబూ పెట్టుకుని, బజారుకని చెప్పి బయల్దేరాను. తీరా బస్సు దొరక్క ఆలస్యమైంది. మెట్లెక్కి చూద్దును కదా, బొమ్మ ముందు మా ఆవిడ, బావ, అతని భార్య! ఎప్పుడైనా రావచ్చని బోర్డు మీద ఉంది కదా, వచ్చేశారు.

"ఏటి బావా, నలుపు అయిపోనాదేటి? మా సెల్లిని ముసిల్దాన్ని సేసేసినావు!" అని బావ పెద్దగా నవ్వాడు. అతని భార్య బొమ్మని చూసింది, మా ఆవిడ తలని చూసింది, మళ్లీ బొమ్మని చూసింది. "ఓలమ్మ" అని మాత్రం అంది.

మా ఆవిడ నవ్వలేదు. నన్ను పక్కకి పిలిచి, మెల్లిగా అడిగింది. "ఎప్పుడు సూసేరు?"

"ఏటి?"

"నా జుట్టు, రంగెయ్యక ముందు. తలుపేసుకునే కదా ఏసుకుంతన్నాను. ఓడలు తప్ప మీకింకేటీ కనపడవనుకున్నాను."

"టార్చి మేస్త్రీని కదే. నాకు కనపడకుంట ఉంతాదేటి?" అన్నాను.

ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని, మళ్లీ తీసేసింది. అన్న వైపు తిరిగి, "నలుపు అయిపోడమేటన్నియ్యా! అక్కడ ఎయ్యకూడదు. వెలుగున్న కాడ అలగే ఒగ్గేయాల. కావలిస్తే ఆ మేడమ్ని అడుగు" అంది. అప్పుడు ఆవిడ చూపు నా జేబు మీద పడింది. ట్యూబు మూత ఊడి, నల్లటి మరక చొక్కా మీద మెల్లగా పెద్దదవుతోంది. మరకని చూసింది, బొమ్మని చూసింది. "ఇంటికి పదండి, సొక్కా ఉతకాల" అంది. ఆవిడకి అర్థమైందో లేదో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

బొమ్మ ఇప్పుడు మా హాల్లో ఉంది. రంగు వేసుకోవడం ఆవిడ మానిందనుకుంటున్నారేమో, లేదు. కాకపోతే ఆదివారం తలుపు వేసుకోవడం లేదు. "ఎనకాల నాకు అందదు, మీరెయ్యండి. ఇన్ని ఓడలకి ఏసినారు కదా" అని పీట వేసుకుని కూచుంటుంది. నేను ఒక చేత్తో టార్చి పట్టుకుని, రెండో చేత్తో శ్రద్ధగా పూస్తాను. ఎంత పూసినా, ఎడమ చెవి వెనక వేలెడు జాగా దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది.

"అయిపోయిందేటి? ఎక్కడా హాలిడే లేదు కదా?" అంటుంది.

"ఒక్కటీ లేదు" అంటాను.

(మీకు మాత్రమే చెబుతున్నాను. ఒకటుంది.)