కంప్యూటర్‌లో పడిన నీళ్లు

ఆ రోజుల్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మా అనంతపురంలో ఆడపిల్ల కంప్యూటర్ నేర్చుకుంటోందంటే ఎక్కడో కూర్చుని టైపు కొడుతుందనే అర్థం. నేను నేర్చుకున్నది త్రీడీ. నేల, గోడలు, చెట్లు తయారుచేసి, బాణం మీటలు నొక్కితే వాటి మధ్య మనమే నడుస్తున్నట్టు చూపించే సాఫ్ట్‌వేర్. బెంగళూరులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి నన్ను ఉద్యోగానికి రమ్మంది కూడా. నాయన మాత్రం, "బొమ్మలాటకు జీతమెవురిస్తారు? నీ పని చూసి మనోళ్లలో ఒక్కరన్నా బాగుండాదంటే పో. లేకుంటే బీఈడీలో చేరు" అని తేల్చేశాడు. ఆ ఒక్కరుగా మా పెద్దమామను ఎంచుకోవడం నా మొదటి తెలివితక్కువ పని.

పెద్దమామకు సోమందేపల్లె దగ్గర హైవే పక్కన పొలం ఉంది. అందులో కల్యాణమండపం కట్టాలని ఆయన కోరిక. నేను నెల రోజులు కూర్చుని స్తంభాలు, వేదిక, తోరణాలతో సహా దాన్ని కంప్యూటర్‌లో కట్టేశాను. చూడ్డానికి మామ వచ్చాడు, టెంకాయ తాతను వెంటబెట్టుకుని. ఆ తాత అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని పొలంలో నడుస్తాడు. అది ఎక్కడ నిలబడితే అక్కడ నీళ్లున్నట్టు, అక్కడే బోరు వేస్తారు. (మా జిల్లాలో ఏ కట్టడానికైనా ముందు అడిగేది గదుల గురించి కాదు, బోరు గురించి.) తాత నా స్తంభాల వంక కన్నెత్తి చూడలేదు. "ఈశాన్యం యాడుండాదమ్మా దీంట్లో?" అని అడిగి, టెంకాయ పట్టుకుని మానిటర్ ముందు నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. "తాతా, అది ఉత్త బొమ్మ. కింద ఏమీ ఉండదు, చూడు" అని దృశ్యాన్ని నేల అడుగుకు దించాను. అక్కడేముంటుంది? కాగితమంత మందం నేల, దాని కింద ఖాళీ. మామ ముఖం మాడిపోయింది. "ఏం బావా, కింద రాయి కూడా లేదే" అన్నాడు నాయనతో. "నీళ్లు లేని తావున పెండ్లి చేస్తే వచ్చినోళ్లు చేతులు యాడ కడుక్కుంటారు?" 'అయితే బీఈడీయే' అన్నట్టు నాయన నావైపు చూశాడు.

ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? ప్రపంచంలో ఏ ఆటలోనూ నేల కింద ఎవరూ చూడరు. మావాళ్లు నేల మీదున్నది చూడరు. ఆ కోపంతోనే వారం రోజులు కూర్చుని నేల కింద ఎర్రమట్టి, దాని కింద గరుసు, దాని కింద నల్లరాయి పెట్టి, రాయి మధ్యలో వెడల్పాటి నీలం పట్టీ గీశాను. మామ మళ్లీ వచ్చి ఆ నీలాన్ని కళ్లారా చూసుకుని, "ఎన్నడుగులమ్మే?" అన్నాడు. నాకేం తెలుసు? కానీ బెంగళూరు కళ్లముందు ఆడుతోంది. "మూడొందలు" అన్నాను, స్వయంగా దిగి చూసొచ్చిన దానిలా. "ఇప్పుడు భూమి మాదిరి ఉండాది" అని మామ తలూపాడు. నా గుడ్డలు సర్దమని నాయన మా అమ్మకు చెప్పాడు.

సర్దడం పూర్తికాకముందే మామ బోరు బండి పిలిపించాడు. మూడొందల అడుగులూ దుమ్మే. ఇంకో వంద కొట్టించాడు, అదీ దుమ్మే. మీసాల మీద రాతిపొడితోనే మా ఇంటికొచ్చి, "నీ బొమ్మలో ఉండె కదమ్మే" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. (టెంకాయ తాతను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. "నాకాడ అది నిలబడనే లేదప్పా" అని ఆయన తప్పుకున్నాడు.) నాయన, "ఈ పాపను రేపే బస్సెక్కించండప్పా. ఈడే ఉంటే ఇంకెంతమంది చేత బోర్లు కొట్టిస్తాదో" అన్నాడు. అలా నా పని బాగుందని కాక, నేనుంటే ఊరికి ప్రమాదమని నన్ను ఉద్యోగానికి పంపారు.

ఇన్నేళ్లయినా తలచుకుంటే కోపమొస్తుంది. అయితే ఈమధ్య ఆ కోపం మామను వదిలి, అప్పటి నా మీదికి, ఆ ఇరవయ్యేళ్ల పిల్ల మీదికి మళ్లింది. నీళ్లెక్కడున్నాయని మా జిల్లా మనిషి అడిగితే అది ఆటలో మాట కాదని ఆమెకు తెలియదా? "తెలియదు మామా" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఎదురుపడితే చెవి మెలిపెడతాను. మెలిపెట్టి, మామ వచ్చేలోగా సంచీ నేనే మోసుకెళ్లి బస్సెక్కించి వస్తాను.