సుధక్క ఎనభైమంది సైన్యం

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర రిపేరు కొట్లో పాత కంప్యూటర్ మూత తీయగానే వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. దాంతోపాటే ఏడో తరగతి వేసవి సెలవులు, గవర్నర్‌పేటలో మా మేడమీది గది, కిటికీకి కట్టిన తడి వట్టివేళ్ల తెర, కింద అమ్మ ఆవకాయకి కలుపుతున్న ఆవపిండి ఘాటు, రసాలు తిని జిగురోడే వేళ్లతో మౌస్ పట్టుకుని నేను తిన్న తిట్లు, అన్నీ ముందుకొచ్చాయి.

పెదనాన్నకి మైలవరంలో మామిడితోట. ఆయన కూతురు సుధక్క నాకన్నా రెండేళ్లు పెద్ద. సెలవులకి మా ఇంటికొచ్చేది, నాకోసం కాదు, మా కంప్యూటర్లోని యుద్ధం ఆటకోసం. ఒకరు తమ సైన్యాన్నంతా నడిపి లేస్తే రెండోవాళ్లు కూర్చోవాలి. గుర్రాలవాళ్లనీ విలుకాళ్లనీ ఒకే గడిలో కుప్పపోసి, పైన అంకె పెరుగుతుంటే మురిసిపోవడమే మాకు తెలిసిన యుద్ధం. పెద్ద కుప్ప ఎప్పుడూ సుధక్కదే. ఆ వేసవిలో నేను ఒక్క ఆటా గెలవలేదు.

ఆమెను తీసుకెళ్లడానికి పెదనాన్న వచ్చిన రోజు చివరి ఆట. ఎనభైమందిని నా కోటమీదికి పంపి, సుధక్క ముంజలు తినడానికి కిందికి వెళ్లింది. నా దగ్గర అరవైమందే.

పెదనాన్న నా వెనక నిలబడ్డాడు. "ఆ ఎర్ర అంకేంటమ్మా?"

"ఒక్కచోట ఎక్కువమందుంటే తిండి చాలదు పెదనాన్నా. రోజూ కొంతమంది పోతారు."

"మరి అందర్నీ అక్కడే ఎందుకు పెట్టావే? కోతకి అరవైమందినీ ఒక్క చెట్టుకిందే నిలబెడతామా? ముఠాలు చెయ్యి."

మూడు ముఠాలు చేశాను. ఒకటి కోటలో ఉంది. ఒకటి సుధక్క వెనకున్న ధాన్యం ఊళ్లు పట్టుకుంది. మూడోది కొండ చుట్టి వెళ్లింది. సుధక్క పైకొచ్చి మళ్లీ తన వంతులు ఆడుతుంటే, నా కోట ముందు తిండి చాలక ఆమె ఎనభై డెబ్బై అయింది, యాభై అయింది. ఆమె కంగారుపడి సైన్యాన్ని వెనక్కి తిప్పేసరికి ఆమె రాజధానిమీద నా జెండా ఎగురుతోంది.

"ఎవరు చెప్పారే నీకు?"

నేను పెదనాన్న వైపు చూశాను.

"సొంత కూతుర్నే ఓడిస్తావా నాన్నా!"

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. సుధక్క సర్దిన సంచి మంచంమీద బోర్లించింది. "ఇంకో ఆట ఆడందే నేను రాను. ఈసారి నువ్వు నా పక్కన కూర్చోవాలి." మైలవరం బస్సు వెళ్లిపోయింది. పెదనాన్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, కూతురి పక్కకి కుర్చీ లాక్కున్నాడు.

ఆ మేడ ఇప్పుడు లేదు, పెదనాన్నా లేడు. అలాంటి ఆట ఫోన్లో ఆడుతుంటాను. వేలమంది సైన్యాన్ని ఆ ఆటే ముఠాలుగా విడగొట్టి పెడుతుంది. అవతల ఆడేదెవరో తెలియదు. గెలిస్తే తెరమీద రంగుకాగితాలు రాలతాయి, ఇంకో ఆట ఆడదాం రమ్మని చెయ్యి పట్టి లాగేవాళ్లుండరు.