పంజాగుట్ట మెట్ల మీద గుండు పాప

ముందే ఒక మాట చెప్పేస్తాను. దయ్యాలూ భూతాలూ అంటే నాకు నమ్మకం లేదు, ఎప్పుడూ లేదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ అలాంటి కథ మొదలుపెడితే చాప దులుపుకుని లేచి వెళ్ళిపోయే రకాన్ని. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో అర్ధరాత్రి లేదు, పాడుబడ్డ ఇల్లు లేదు. అంతా పట్టపగలు, పంజాగుట్ట ట్రాఫిక్ మధ్య మొదలైంది. భయపడ్డావా అంటే, భయం కన్నా కోపం ఎక్కువ వచ్చింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు కాబట్టే రాస్తున్నాను.

మేం అమీర్‌పేటలో ఉంటాం. అక్కడే ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో అడ్మిషన్లు చూస్తాను. డెమో క్లాసుకు ఎంతమంది వచ్చారో తలలు లెక్కపెట్టడం నా రోజువారీ పని. మా ఆయన సోమాజిగూడలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. పిల్లలు ఇద్దరు. కౌశిక్‌కి మూడేళ్ళు దాటాయి, మేఘనకి ఏడాదిన్నర. మా అత్తగారు మాతోనే ఉంటారు.

పోయిన వేసవిలో రాజమండ్రిలో మా అక్క గృహప్రవేశం. రైలు టికెట్లు దొరకలేదు. మా ఆయనకి సెలవు దొరకలేదు. ఆయనకి ఎప్పుడూ దొరకదు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. చివరికి ఇద్దరు పసివాళ్ళనీ వేసుకుని నేనొక్కదాన్నే పగటి బస్సులో బయల్దేరాను.

చంటిపిల్లలతో దూరప్రయాణం ఎలా ఉంటుందో మా ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. పాలసీసా, ఫ్లాస్కు, డైపర్లు, వాంతికి కవర్లు, జ్వరం మందు, మార్చే బట్టలు. ఒకడికి ఒంటేలు వస్తే రెండోదానికి అప్పుడే ఆకలేస్తుంది. పిల్ల ఏడిస్తే బస్సంతా తల్లి వంకే చూస్తుంది, తనే గిల్లి ఏడిపిస్తున్నట్టు. దిగేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

బయల్దేరే ముందు అత్తగారు ఇద్దరికీ అరికాలిలో కాటుక చుక్క పెట్టారు. పెట్టి ఒక జాగ్రత్త చెప్పారు.

“దారిలో పిల్లలు ఎక్కడ కూర్చున్నా, ఎక్కడ పడుకున్నా, లేచి వచ్చేటప్పుడు పేరు పెట్టి పిలువమ్మా. కౌశిక్ రా, మేఘనా రా అని. ఊరికే రండి అనకు. ఎవర్ని పిలుస్తున్నావో తెలియాలి.”

“ఎవరికి తెలియాలి అత్తయ్యా?” అన్నాను.

“చెప్పినట్టు చెయ్యి” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నాతో వచ్చి ఒక పిల్లను పట్టుకునే మనిషి లేరు గానీ ఇలాంటి ఆజ్ఞలకు మాత్రం లోటు లేదు.

బస్సు మా ఇంటి దగ్గరే ఎక్కాలి. తీరా బయటికొచ్చాక ట్రావెల్స్ వాడు ఫోన్ చేసి, ఇక్కడ ఆగదు, పంజాగుట్ట రావాలన్నాడు. “గంత దూరమేం లేదక్కా, రెండడుగులే” అన్నాడు. చంకలో పిల్ల, చేతికి పిల్లాడు, భుజానికి రెండు బ్యాగులు ఉన్నవాళ్ళకి ఎన్ని అడుగులో వాడికేం తెలుసు? ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. అక్కడ బస్సు లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ “పది నిమిషాలక్కా” అనే పాటే.

ఫుట్‌పాత్ మీద బళ్ళు పెట్టేశారు. కూర్చోవడానికి చోటు లేదు, పిల్లాణ్ణి బాత్రూమ్‌కి తీసుకెళ్ళడానికి అంతకన్నా లేదు. మెట్రో స్టేషన్‌కి కొంచెం ఇవతల ఒక బట్టల షాపు మూసేసి ఉంది. దాని మెట్ల మీద పాత దుప్పటి పరిచాను. మేఘన నిద్రపోయింది. కౌశిక్ తన బిస్కెట్లు తను తింటూ, పక్కన ఎవరితోనో ఆడుకుంటున్నట్టు మాట్లాడుకుంటున్నాడు. మూడేళ్ళ పిల్లలు అలాగే మాట్లాడతారు, పట్టించుకోలేదు.

ఎండ నడినెత్తికి వస్తుండగా బస్సు వచ్చింది. మమ్మల్ని దాటి చాలా ముందుకెళ్ళి ఆగి, హారన్ మోగించడం మొదలుపెట్టింది, ఆలస్యం మాదే అయినట్టు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దుప్పటి చుట్టి, పిల్లను ఎత్తుకుని, బ్యాగులు తగిలించుకుంటూ కేక పెట్టాను. “రండర్రా, రండి, అందరూ రండి! పోదాం!”

అప్పుడు ఆ మాట మామూలు మాటే. తర్వాత అది ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేను.

బస్సెక్కి కూర్చున్నాక క్లీనర్ వచ్చాడు. నావి రెండు సీట్లు. ఒకదాంట్లో నేను, ఒళ్ళో మేఘన. రెండోదాంట్లో కౌశిక్.

“ఏందక్కా, ముగ్గురు పిల్లలను పట్టుకోని రెండు సీట్లే తీస్కున్నవ్?”

“ముగ్గురేంటి? కళ్ళు కనపడట్లేదా? ఇద్దరు.”

“మరి గా గుండు పాప ఎవ్వరిది? నీ ఎన్కనే ఎక్కింది కద.”

తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు ఉన్న నాకు మూడో పిల్లను కూడా అంటగడుతున్నాడు. అసలే మండిపోయి ఉన్నాను. పొద్దుట్నుంచి పడ్డ అవస్థంతా వాడి మీద కక్కేశాను. వాడు సీట్ల కిందకీ నడవలోకీ తొంగి చూశాడు. “ఇప్పుడే ఉండె” అని గొణుక్కుని, “సరే తియ్, జర పిల్లలు పైలం” అంటూ వెళ్ళిపోయాడు.

సూర్యాపేట దాటాక వెనక సీటు పెద్దావిడ నా భుజం తట్టింది. “ఏమ్మా, కొత్తగా గుండు చేయించిన పిల్ల. నెత్తి మీద ఎండ పడుతోంది. ఆ కర్టెన్ లాగకూడదూ?”

మా పిల్లలిద్దరికీ నెత్తి నిండా జుట్టుంది. మేఘనకి పుట్టువెంట్రుకలే ఇంకా తియ్యలేదు, మూడో ఏట తీయించాలని అనుకున్నాం. ఆ మాటే ఆవిడతో అన్నాను. ఆవిడ ముందుకు వంగి చూసి, గబుక్కున వెనక్కి వాలిపోయింది. మళ్ళీ దిగేదాకా నాతో మాట్లాడలేదు.

టీ తాగడానికి ఆపిన హోటల్లో రెండు పాలు చెబితే కుర్రాడు మూడు గ్లాసులు తెచ్చాడు. వాడితోనూ గొడవే. ఇంతలో మేఘన తన గ్లాసును చేత్తో తోసి, పక్కన ఖాళీగా ఉన్న బెంచీ వైపు జరిపింది. తను మాత్రం తాగలేదు.

రాజమండ్రిలో అక్కకీ బావకీ ఏమీ కనపడలేదు. నాకూ ఏనాడూ ఏమీ కనపడలేదు, అది స్పష్టంగా రాస్తున్నాను. కానీ పిల్లలిద్దరూ మంచం మీద మధ్యలో చోటు వదిలి పడుకునేవారు. రెండో రోజు పొద్దున ఆ మధ్య దిండు మీద పసుపుపచ్చ మరక కనిపించింది. అక్క పసుపేమో అంది. వాసన చూశాను. మంచి గంధం. గుండుకి పూస్తారే, ఆ గంధం.

మేఘన తిండి మానేసింది. పూర్తిగా మానేసిందని కాదు. ముద్ద నోట్లో పెడితే తీసి పక్కకి చాపేది. బిస్కెట్ ఇచ్చినా, అరటిపండు ఇచ్చినా అంతే. తిరిగొచ్చాక కూడా అదే వరస. నా కళ్ళ ముందే పిల్ల చిక్కిపోతోంది. బుగ్గలు పోయాయి, రాత్రిళ్ళు ఒళ్ళు వెచ్చగా ఉండేది. పంజాగుట్టలో పిల్లల డాక్టర్‌కి చూపించాం. పరీక్షలన్నీ బాగున్నాయి, ఊరు మారితే అలాగే ఉంటారు అన్నారు. బయట చీటీలు పిలిచే అతను మాత్రం, “ఈ ముగ్గుర్ల ఎవ్వరికమ్మా బాగలేదు?” అని అడిగాడు.

ఈసారి నేను పోట్లాడలేదు. ఇంటికొచ్చి అత్తగారికి మొత్తం చెప్పాను.

ఆవిడ ఒకటే అడిగారు. “బస్సెక్కేటప్పుడు ఎలా పిలిచావు?”

చెప్పాను. తిడతారనుకున్నాను, తిడితే నేనూ నాలుగు అందామని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ తిట్టలేదు. మేఘన కాళ్ళు నిమిరారు. “అందరూ రండి అన్నావు. వచ్చింది. దాని తప్పేముంది?” అన్నారు.

తర్వాత ఏం చెయ్యాలో చెప్పారు. అదే చోటికి వెళ్ళాలి. అదే దుప్పటి పరిచి పిల్లల్ని కాసేపు కూర్చోబెట్టాలి. లేచేటప్పుడు నా పిల్లల్ని మాత్రమే పేరు పెట్టి పిలవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. మా ఆయనకి చెబితే, “నీ తృప్తి కోసం వెళ్ళిరా, నాకు ఆడిట్ ఉంది” అన్నారు. కన్నకూతురు ఎముకల గూడు అవుతుంటే ఆడిట్! ఆ మాటకి ఆదివారం దాకా ఆయనతో మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. షాపు ఇంకా మూసే ఉంది. దుప్పటి పరిచాను, పిల్లలు కూర్చున్నారు. బిస్కెట్లు ఇచ్చాను. మేఘన తనది సగం విరిచి పక్కన దుప్పటి మీద పెట్టింది. నేను ఆ చోటు వంకే చూస్తూ నిలబడ్డాను. నాకు ఏమీ కనపడలేదు. కనపడని ఆ పిల్ల మీద జాలేసింది, వెంటనే నా మీద నాకే చిరాకేసింది. నా బిడ్డ నోటి కాడి ముద్ద పోతోంది, నేను జాలిపడుతున్నాను.

“కౌశిక్, రా. మేఘనా, రా.”

అంతే అన్నాను. దుప్పటి తియ్యబుద్ధి కాలేదు, వదిలేశాను. మేఘనని ఎత్తుకుని, కౌశిక్ చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా రోడ్డు మీదకొచ్చి ఆటో ఆపాను. ఎక్కి కూర్చున్నాం. అమీర్‌పేట అన్నాను.

ఆటో కదల్లేదు. డ్రైవర్ యాభై ఏళ్ళ మనిషి. మా వెనక్కి, మెట్ల వైపు చూస్తున్నాడు.

“అమ్మా, గా పాపను ఎక్కించుకోవా?”

“ఏ పాప?”

“గదే, దుప్పటి మీద కూసున్నది. గుండు పాప. నీ దిక్కే చూస్తుంది.”

“నాకిద్దరే. పోనివ్వండి.”

అతను నా మొహంలోకి చూశాడు. నా జన్మలో ఎవరూ నన్ను అలా చూడలేదు. “నాకు సుత పిల్లలున్నరమ్మా. కోపమొస్తే ఒక దెబ్బ ఎయ్యి. గంతే గని, గంత చిన్న పిల్లను రోడ్డు మీద ఇడ్సిపెట్టి పోతరా? నువ్వేం తల్లివి?”

మేఘన ఒళ్ళు నా చేతుల్లో కాలుతోంది. “పోనివ్వండి” అని మళ్ళీ అన్నాను. అరిచానేమో కూడా. అతను తల తిప్పుకుని ఆటో పోనిచ్చాడు. కౌశిక్ వెనక కిటికీలోంచి చూస్తూ, “పాపని పిలవలేదేంటమ్మా?” అన్నాడు. దిగాక అతను డబ్బులు నా చేతిలోంచి తీసుకోలేదు. సీటు మీద పెట్టమన్నాడు.

ఆ మధ్యాహ్నం మేఘన గిన్నెడు పప్పన్నం తింది. జ్వరం మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఎవరూ నా పిల్లల్ని ముగ్గురని లెక్కపెట్టలేదు. మర్నాడు మా ఆయన్ని పంపితే, మెట్ల మీద దుప్పటి లేదన్నారు. ఎవరైనా తీసుకుపోయి ఉండొచ్చు.

క్లీనర్, బస్సులో పెద్దావిడ, హోటల్ కుర్రాడు, చీటీలు పిలిచే అతను, ఆటో డ్రైవర్. వీళ్ళు ఒకరికొకరు తెలియనివాళ్ళు. నాకు కనపడనిది వాళ్ళకెలా కనపడిందో, దిండు మీదకి గంధం ఎక్కడిదో ఎంత ఆలోచించినా తెలియడం లేదు. తెలిసినట్టు నటించను.

నా కోపం మాత్రం వేరే. ఆ పిల్లకి ఎవరో మొక్కుకుని పుట్టువెంట్రుకలు తీయించారు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని గుండుకి గంధం పూశారు. అంత చేసినవాళ్ళు, ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట వెళ్ళిపోయేలా ఆ మెట్ల మీద ఎలా వదిలేశారు? ఆ తల్లి ఎక్కడైనా కనబడితే చెయ్యి పట్టుకుని నిలదీయాలని ఉంటుంది. నువ్వేం తల్లివి అని అడగాలని ఉంటుంది.

కానీ ఆ మాట ఇప్పటికే ఒకరు అడిగేశారు. ఆమెని కాదు, నన్ను.